బోస్టను నగరమున రాగి పొగగూళ్లు

పరదేశమునకు బోయినవారు అచ్చటి దేవాలయములను, రాజభవనములను, వస్తుప్రదర్శనశాలలను జూచివచ్చి వాని ముచ్చటలు చెప్పుట వాడుక. ఇంటి పైకప్పువంక తలయెత్తి చూచువారు తక్కువ. కాని గృహిణి యైనది యే దేశమునకు బోయినను, ఆమె చూపు మొదట వంటయింటివైపునకును, పిమ్మట ఆ వంటయింటి పొగ యే దారిని బయటికి బోవుచున్నదో ఆ దారివైపునకును మరలుట సహజము. ఏలయన, పొగ కన్నులకెక్కి నీరు గార్చుకొనిన యనుభవము మన యిండ్లలో స్త్రీలకున్నంతగా పురుషులకు లేదు. కావున, సోదరీమణులారా, అమెరికా సంయుక్త రాష్ట్రములలో మస్సాచుసెట్సు రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు బోస్టను నగరమును గూర్చి వ్రాయబూని, అందలి మేడలను విడిచి, ఆ మేడల తలలపై నిలిచియున్న పొగగూళ్లను గూర్చి కొంత వ్రాయుచున్నాను. ఇది వినోదమునకు మాత్రమే కాదు. ఆ పొగగూళ్లలో మన యిండ్లకును బనికివచ్చు పాఠ మొకటి కలదు.

బోస్టను నడిబొడ్డున బీకన్ హిల్ అను చిన్న గుట్ట కలదు. ఆ గుట్టమీద హెచ్చుభాగము 1800 మొదలు 1850 వఱకు గల కాలమున గట్టిన యెఱ్ఱయిటుక యిండ్లు బారులు దీరియున్నవి. ఇంటికి నింటికి నడుమ సందు లేదు. ఒక గోడయే రెండిండ్లకును గోడ. వీధు లిఱుకు, కాలిబాటలకును ఇటుకలే, దీపస్తంభములపై నేటికిని గ్యాసుదీపములు వెలుగుచున్నవి. ఏకార్న్ వీధి యను చిన్న సందులో బండిబాటకు గుండ్రాళ్లు పఱచియున్నవి. లూయిస్‌బర్గ్ స్క్వేరులో, "లిటిల్ విమెన్" అను నవలను రచించిన లూయిసా మే ఆల్కాటు తన కడపటి సంవత్సరములలో కుటుంబముతో కాపురముండిన యిల్లు కలదు. ఇవన్నియు జూడదగినవే.

అయితే ఈ వీధులలో నడచునపుడు అప్పుడప్పుడు నిలిచి పైకి జూడవలెను. రెండిండ్లకు నడుమనున్న గోడలనుండి లావుపాటి యిటుక పొగగూళ్లు కప్పును దాటి లేచియుండును. ఒక్కొక్క పొగగూటి తలపై నాలుగేసి, ఆఱేసి కుండలు వరుసగా నిలుచుండును. దూరమునుండి చూచినవారికి అవి కుమ్మరి ఆవమునుండి తీసి యారబెట్టిన కూజాలవలె నగపడును. వానిలో హెచ్చు కాల్చిన మట్టివి. అక్కడక్కడ రాగితో జేసినవియు గలవు. క్రొత్తగా నిలిపినవి మన యింటి తోమిన రాగిచెంబువలె మెఱయుచుండును. కొన్నియేండ్లు గడచినవి నేరేడుపండు రంగునకు దిరిగియుండును. మిక్కిలి పాతవి లేతపచ్చని వన్నె కలవి.

ఆంగ్లభాషలో వీనిని చిమ్నీపాటు లందురు. కుండయని పేరేగాని దీనికి అడుగు లేదు. రెండువైపుల తెఱచియున్న గొట్టమే. శీతలదేశమగుటచేత అచ్చటి పాత యిండ్లలో దాదాపు ప్రతిగదికిని గోడలో అమర్చిన పొయ్యి యొకటి యుండెడిది. ఒక్కొక్క గోడపొయ్యికి ఒక్కొక్క పొగదారి వేఱుగా గోడలోపలినుండియే పైకి బోవును. ఆ పొగదారు లన్నియు కప్పుపై నొక్కచోట గుమిగూడి పొగగూడగును. ప్రతి పొగదారి నోటిపైనను ఒక కుండ నిలుపుదురు. కావున వీధిలో నిలిచి పైన కుండలను లెక్కించినచో లోపల పొయ్యి లెన్ని యుండెనో కొంతవఱకు దెలియును. ఇల్లు జూచి యిల్లాలిని జూడుమని మనవారనిరి. అచ్చట పొగగూటిని జూచి యింటి పెద్దఱికమును లెక్కించువారు.

ఈ నగరమున పొగగూటికి చరిత్ర యున్నది. బోస్టను 1630లో వెలసినది. ఇంగ్లండునుండి వచ్చిన యా తొలివలసవారు తొందరలో గట్టుకొనిన యిండ్లకు గడ్డికప్పులు. పొగగూళ్లు కఱ్ఱపుల్లలతో గూర్చి మట్టి మెత్తినవి. 1631 మార్చి నెలలో ఒక యింటి పొగగూటి పైకొసను మట్టి మెత్తని పుల్లలకు నిప్పంటుకొని ఆ యిల్లు దగ్ధమైనది. ఆ యేడే కఱ్ఱ పొగగూళ్లును గడ్డికప్పులును పనికిరావని శాసనమైనది. వేసవిలో నొక్క నిప్పురవ్వ యెగిరి తాటాకు పల్లెలు బూడిదయగుట నెఱిగిన మనకు ఆ శాసనము యొక్క యావశ్యకము వేఱుగ జెప్పనక్కఱలేదు. నాటినుండి బోస్టను ఇటుక పొగగూళ్ల పట్టణమయ్యెను.

రాగిచరిత్రయు నచ్చటిదే. 1775 ఏప్రిలు 18వ తేది రాత్రి ఇంగ్లీషుసేన బయలుదేరినదని గుఱ్ఱమెక్కి పోయి పల్లెలవారిని మేల్కొలిపిన పాల్ రివియరు పేరు అమెరికాలో చిన్నపిల్లలకును దెలియును. ఆయన వృత్తిచేత వెండిపనివాడు. వృద్ధాప్యము వచ్చిన పిమ్మట 1801లో బోస్టనునకు దక్షిణముననున్న కాంటను అను గ్రామమున రాగిని మరలతో రేకులుగా సాగదీయు కార్ఖానాను స్థాపించెను. అంతకుముం దట్టి రేకులకై ఇంగ్లండు ముఖము జూడవలసియుండెడిది. ఉత్తర అమెరికాలో ఆ పని జయప్రదముగా సాగినది దానితోనే మొదలు. చార్లెసు బుల్‌ఫించి యను శిల్పశాస్త్రజ్ఞుని ప్రణాళికపై బీకన్ హిల్‌మీద 1798లో ముగించిన శాసనసభాభవనపు గుమ్మటమునకు 1802లో రివియరు రాగిరేకులు తొడిగిరి. మఱుసటి యేడు కాన్‌స్టిట్యూషన్ అను యుద్ధనౌక యడుగునకును ఆయన రేకులే వేసిరి. గుమ్మటమునకు 1874లో బంగారపు పూత పెట్టిరి. అందుచే నేడు చూచువారికి బంగారమే కనబడునుగాని, ఆ భవనపు తలను వర్షమునుండి కాపాడుటకు బంగారముకంటె ముందు వచ్చినది రాగియే.

పొగగూటి శాస్త్రమును లోకమునకు దెలిపిన యిరువురు ప్రసిద్ధులును ఈ ప్రాంతమువారే యగుట విచిత్రము. బెంజమిను ఫ్రాంక్లిను 1706లో బోస్టనులో జన్మించెను. గదిలో పొగ క్రమ్ముకొనుటకు గల కారణములను వివరించుచు 1785లో ఓడప్రయాణము చేయుచునే యొక పెద్ద లేఖ వ్రాసెను. రెండవవాడు బెంజమిను థాంప్సను. బోస్టనునకు ఉత్తరమున నున్న వూబర్న్ అను గ్రామమున 1753లో బుట్టెను. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున ఆంగ్లరాజు పక్షము వహించి దేశము విడిచి, యూరపులో రమ్‌ఫర్డు ప్రభువను బిరుదము వడసెను. ఆయన పుట్టిన కఱ్ఱయిల్లు నేటికిని వూబర్నులో నిలిచియున్నది. 1796లో ఆయన ప్రకటించిన వ్యాసము వలన ఇంగ్లండు, అమెరికాలలో ఎన్నో యిండ్ల గోడపొయ్యిల రూపమే మాఱిపోయినది. అంతకుముందు గోడపొయ్యి గుహవలె లోతుగా, పొగదారి గొంతు మనిషి దూరునంత వెడల్పుగా నుండెడిది. వేడియంతయు పైకి బోయెడిది. పొగ మాత్రము గదిలోనికి వచ్చెడిది. రమ్‌ఫర్డు పొయ్యి లోతు తగ్గించి, ప్రక్కగోడలను వాలుగా నిలిపి, గొంతును నాలుగంగుళములకు కుదించెను. వేడి గదిలోనికి వచ్చెను, పొగ పైకి బోయెను.

దీనిలోని మర్మము సులభమైనది. వేడియెక్కిన గాలి వ్యాకోచించి తేలికయగును. తేలికయైన గాలి పైకి లేచును. అది లేచినచోటికి గదిలోని చల్లని గాలి పొయ్యిద్వారా వచ్చి చేరును. ఈ విధముగా గొట్టములో పుట్టిన శక్తిని ఈడ్పు అనవచ్చును. గొట్టమెంత పొడవైన, లోపలి గాలి యెంత వేడియైన, ఈడ్పంత బలముగా నుండును. గొట్టము మితిమీఱి వెడల్పైనచో పొగ చల్లబడి బద్ధకించును. మితిమీఱి యిఱుకైనచో వచ్చిన పొగకు చోటు చాలక వెనుకకు మరలును. అందుచేత ఆ దేశపు పనివారిలో నొక వాడుక సూత్రము కలదు: గోడపొయ్యి నోటి వైశాల్యములో పదియవ వంతుకు తగ్గకుండ పొగదారి వైశాల్యముండవలెను. ఎత్తును గూర్చియు నొక సూత్రమున్నది: పొగగూడు కప్పును చీల్చుకొని వచ్చినచోటినుండి మూడడుగులైన పైకి లేవవలెను, పది యడుగుల లోపలనున్న యే కప్పుభాగముకంటెను రెండడుగుల ఎత్తుగా నుండవలెను. లేనిచో కప్పును దాటివచ్చు గాలి క్రిందికి మొగ్గి పొగను మరల నింటిలోనికి ద్రోయును.

కుండ యొక్క ప్రయోజన మిక్కడనే యున్నది. పొగగూటిపై మఱికొంత యిటుకపని చేసినచో బరువు హెచ్చును, ఖర్చును హెచ్చును. ఒక కుండను నిలిపినచో అల్పభారముతో రెండుమూ డడుగుల యెత్తు దొరకును. ప్రక్కప్రక్కనున్న పొగదారులకు కుండల యెత్తు హెచ్చుతగ్గుగా నుంచినయెడల ఒకదానినుండి వచ్చిన పొగ రెండవదానిలోనికి దిగదు. పైన మూత యున్నచో వాన దిగదు; చుట్టును జాలీ యున్నచో ఉడుతలు, రాకూను లను మెకములు జొరబడవు; నిప్పురవ్వలు కప్పుమీద బడవు. కావున ఇది యలంకారముగా గనబడు పనిముట్టు గాని, పనిముట్టుగా గనబడు నలంకారము గాదు.

మట్టికుండ యుండగా రాగి యేల యని చదువరు లడుగవచ్చును. బోస్టనులో శీతకాలము కఠినము. మంచు కురియును, కరగును, రాత్రికి మరల గడ్డకట్టును. నీరు గడ్డకట్టినపుడు నూటికి తొమ్మిదివంతుల మేర పెరుగును. మట్టికుండ సందులలోనికి దిగిన నీరట్లు పెరిగి పెరిగి కుండను పగులగొట్టును. అంతటి యెత్తునుండి పెంకు జాఱి వీధిలో బడిన నేమగునో యూహింపవచ్చును. రాగి నీరు పీల్చదు. పైగా తేలిక. రెండువందల యేండ్లనాటి సున్నపు గార పొడియైన పొగగూటిపై బరువు మోపకుండుట మేలుగదా. రాగి 1085 సెంటిగ్రేడు డిగ్రీలకు గాని కరగదు. సుత్తిదెబ్బకు వంగును, విఱుగదు. పనివాడు కోరిన యాకారము నొందును.

అయినను రాగి సర్వరోగనివారిణి కాదు. రాతిబొగ్గు పొగలో గంధకపు టంశముండును; తడితో గలిసినచో నది రాగిని దినివేయును. అట్టి పొగకు మట్టికుండయే తగినది. కానిచో లోపల తుప్పుపట్టని యుక్కుగొట్టమును నిలిపి, రాగిని దానికి పైవస్త్రముగా మాత్రము తొడుగవలెను. రాగితో ఇనుము తడిలో గలిసియుండిన ఇనుము త్వరగా క్షీణించును. కావున ఇనుపమేకు లుపయోగింపరాదు. మాటువేసిన అతుకులు మిక్కిలి వేడిగల పొగనోటివద్ద కరగిపోవును; అచ్చట అంచులు మడిచి బిగించుటయో, రాగి రివెట్టులతో గూర్చుటయో చేయవలెను.

ఇక ముఖ్యమైన విషయము కొలత. అంగటికిబోయి గాజులు కొనునపుడు చేతి కొలత జూడకుండ కొందుమా? పాత యింటి పొగగూడు చేతికంటెను విచిత్రమైనది. ఒక పాత యింటికి రాగికుండలు చేయుటకు పనివాడు కొలతలు తీయుచుండగా జూచు నవకాశము నాకు గలిగినది. అతడు మొదట నిచ్చెన యెక్కి పైకి బోలేదు. ఇంటిలో ప్రతి గదికిని బోయి, ఏ పొయ్యి యున్నది, ఏది మూసివేసిరి, నేలమాళిగలో ఇంటిని వెచ్చజేయు కొలిమి పొగ యే దారిని బోవుచున్నది యని యిల్లాలి నడిగి వ్రాసికొనెను. పిమ్మట పైకెక్కి ప్రతి పొగదారిలోనికి దీపము గట్టిన చిన్న కెమెరాను దించి, మసి యెంత పేరుకొన్నది, లోపలి యిటుకలు కూలినవా, యని పరీక్షించెను. ఆ తరువాత గాని కొలబద్ద తీయలేదు. నాలుగు నోళ్లలో నొకటియు సరియైన చతురము గాదు. ఒకమూల యంగుళము లోపలికి, ఒకమూల అరయంగుళము బయటికి. పైగచ్చు వాన జాఱుటకై వాలుగానున్నది. ఆ వాలును నాలుగువైపుల నొక్కరీతిగ లేదు. అతడు దళసరి కాగితమును ప్రతి నోటిపైనను బఱచి, అంచువెంట గీచి, నాలుగు నమూనాలు కత్తిరించి, వానిపై సంఖ్యలు వేసి దిగెను. దర్జీ రవికకు కొలత తీసినంత శ్రద్ధతో నాతడు పొగగూటికి కొలత తీసెను.

ఆ నమూనాలను బట్టి రేకు కత్తిరింతురు. ఆ దేశమున రాగిరేకు దళసరిని చదరపు టడుగునకు నిన్ని ఔన్సులని లెక్కింతురు. పదునాఱు ఔన్సుల రేకు అరమిల్లీమీటరునకు గొంచెము మించును. ఇరువది ఔన్సులది సుమారు ఏడుపదుల వంతు మిల్లీమీటరు. బలమైన గాలికి నిలువవలసిన పనికి దళసరిది వాడుదురు. కుండకు మూత యుండునపుడు, మూతక్రింద చుట్టును విడిచిన సందుల మొత్తము పొగదారి వైశాల్యమునకు దక్కువ గాకూడదు. సంవత్సరమున కొకమారు మసి దులుపువాడు వచ్చును గనుక, మూత విప్పి మరల బిగించుటకు వీలుండవలెను. బీకన్ హిల్‌ను 1955లో చారిత్రకప్రదేశముగా శాసించినందున, వీధికి గనబడు ఏ మార్పునకైనను అచ్చటి శిల్పసంరక్షణ సంఘము యొక్క యనుమతి ముందుగా పొందవలెను. ఒకరి యింటి తల ఊరందఱి కంటికి సంబంధించినదని వారి యభిప్రాయము.

రాగి రంగును గూర్చి యొకమాట. మన యింటిలో రాగిపాత్రకు చిలుము పట్టినదన్న ఇల్లాలికి తలవంపు. చింతపండు, ఉప్పు తెచ్చి తళతళ మెఱయునట్లు తోమినగాని తృప్తి లేదు. అది న్యాయమే, ఆ చిలుము కడుపులోనికి బోయిన విషము. కాని కప్పుమీది రాగికి చిలుమే కవచము. గాలి, వాన, సముద్రపు ఉప్పుగాలి తగిలి మొదట నల్లబడి, పెక్కేండ్లకు పచ్చని పొర గట్టును. ఆ పొర క్రింది లోహము నంటి పెట్టుకొని దానిని రక్షించును. న్యూయార్కు రేవులోని స్వాతంత్ర్యదేవతా విగ్రహమును 1886లో నిలిపినపుడు అది రాగిరంగుననే యుండెను. 1920 ప్రాంతమునకు పచ్చబడెను. బోస్టనులో బ్యాక్ బే యను పేటయందు ఇండ్లనుండి ముందునకు వచ్చిన కిటికీలకు తొడిగిన రాగియు నట్లే పచ్చబడి, ఎఱ్ఱయిటుకనడుమ మామిడిచిగుళ్లవలె శోభించును. ఒక్కటి మాత్ర మెఱిగియుండవలెను: రాగిమీదినుండి జాఱిన వాననీరు క్రింది లేతరంగు రాతిపై పచ్చచారలు వేయును. అందుచే నీరు దూరముగ బడునట్లు అంచును వంచుదురు.

ఇంతవఱకు సొగసు. ఇక ప్రాణములకు సంబంధించిన సంగతి. ఏ యింధనమైనను చాలినంత గాలి లేక కాలినపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. కంటికి మంట పుట్టింపదు. పొగ యైనను మనలను దగ్గించి హెచ్చరించును. ఈ వాయువు నిద్రించువారిని నిద్రలోనే హరించును. 2005 జనవరిలో మస్సాచుసెట్సులో పెద్ద మంచుతుపాను వచ్చినపుడు, ఒక యింటిని వెచ్చజేయు యంత్రపు పొగ బయటికి బోవు నోరు మంచుచే బూడిపోయినది. ఆ వాయువు ఇంటిలో నిండి యేడేండ్ల బాలిక ప్రాణములు గోల్పోయినది. ఆ బిడ్డ పేరనే యా రాష్ట్రము చట్టముచేసి, ఇండ్లలో ఈ వాయువును కనిపెట్టి కూయు పరికరముండవలెనని విధించెను. 2006 నుండి యది యమలునకు వచ్చినది. ఒక గొట్టపు నోరు మూతబడుటచేత నింత యనర్థము!

ఈ సంగతి నెఱిగినవారికి, ఆ పనివాడు పైకెక్కకమునుపు ఇల్లాలి నేల యడిగెనో బోధపడును. పాత యింటిలో మూసివేసిన గోడపొయ్యి దారిననే కొన్నిచోట్ల కొలిమి పొగ పోవుచుండును. పైనుండి చూచినవానికి అన్ని నోళ్లు నొక్కటే. వాడుకలో లేదనుకొని యా నోటిపై బిగువైన మూత వేసినచో, ఇంటివారికి ఉరివేసినట్లే. నిజముగా వాడుకలో లేని దారిని సైతము పూర్తిగా మూయక, వాన దిగకుండ గాలి మాత్ర మాడునట్లుంచవలెను; లేనిచో లోపల చెమ్మ పట్టి గోడలు పాడగును. ఇక క్రొత్తరకపు టిండ్లలో లోహపు పొగగొట్టములు కొన్ని చుట్టును గాలి యాడుటచేతనే చల్లబడునట్లు నిర్మింపబడినవి. అందమునకై వానిచుట్టు తగని రాగితొడుగు వేసినందున గాలి యాడక, గొట్టము కాగి, ప్రక్కనున్న కొయ్య యంటుకొని యిండ్లు కాలిన సందర్భములు గలవు. పైన పటారము, లోన లొటారము అను సామెతకు ఇంతకంటె నుదాహరణము వలదు.

పొగగూటిలో మనుష్యులు గాక కాపురము చేయు ప్రాణి యొకటి కలదు. ఆ దేశమున చిమ్నీ స్విఫ్టు అను చిన్న నల్లని పిట్ట వేసవిలో పొగగూటిలోపలి గోడకు, చిన్నపుల్లలను తన లాలాజలముతో నంటించి గూడు కట్టును. దాని కాళ్లు కొమ్మపై నిలుచుటకు పనికిరావు. గరుకైన నిలువుగోడను పట్టుకొని వ్రేలాడుటకే తగినవి. శీతకాలమున దక్షిణ అమెరికాలోని అమెజాను నది యెగువప్రాంతములకు బోయి మరల వచ్చును. పొగగూళ్లు మూతబడుచున్నకొలది ఈ పిట్టలు తగ్గిపోవుచున్నవి. గ్రుడ్లు, పిల్లలు నున్నపుడు ఆ గూటిని తీయరాదని చట్టము. కావున తెలిసిన పనివారు పిల్లలు ఎగిరిపోయిన పిమ్మటనే మసి దులిపి మూత వేయుదురు.

బోస్టనులో పొగకును స్త్రీకిని గల సంబంధమును గ్రహించి శాస్త్రముగా బోధించిన యొక విదుషిని ఇచ్చట స్మరింపక తీఱదు. ఎలెను స్వాలో రిచర్డ్సు అనునామె మస్సాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ప్రవేశము వడసిన మొదటి స్త్రీ. 1873లో పట్టము నొందెను. రసాయనశాస్త్రమును ప్రయోగశాలలో మాత్రము విడువక వంటయింటికి దెచ్చినది. బోస్టను శివారున జమైకా ప్లెయిను నందలి తన యింటినే పరీక్షాస్థలముగా జేసికొని, బొగ్గుపొయ్యి మాని గ్యాసుపొయ్యి పెట్టి, చెడుగాలి వెడలుటకు దారులేర్పఱచెను. 1893లో చికాగో ప్రదర్శనమున ఆమె నడపిన వంటశాలకు రమ్‌ఫర్డు పేరే పెట్టెను. వంటయింటిలో గాలి నిర్మలముగా నుండుట గృహిణి కోరికమాత్రమే కాదు, కుటుంబపు టారోగ్యమునకు మూలమని యామె మతము.

మన దేశమున ఈ ప్రయత్నములు లేవని యెంచరాదు. మన పాత పెంకుటిండ్లలో వంటయింటి కప్పున పొగగూడు విడుచుట పెద్దలెఱిగినదే. స్నానపు నీళ్లు కాచు రాగి బాయిలరును జూడుడు: నడుమ నిప్పుగొట్టము, చుట్టును నీరు, పైన పొగ బోవు దారి! ఈడ్పు శాస్త్రమంతయు అందున్నది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజుగారు పేదయింటి వంటకు తగిన పొగలేని మట్టిపొయ్యిని నిర్మించి, 1953లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించిరి. వేడి యొక పాత్రక్రిందనుండి మఱియొక పాత్రక్రిందికి బోయి, పొగ గొట్టముద్వారా కప్పుపైకి వెడలునట్లు దాని యమరిక. తరువాతి కాలమున ప్రభుత్వములును ఇట్టి పొయ్యిలను పంచినవి. కాని పెక్కుచోట్ల గొట్టములలో మసి పేరుకొని, దులుపువారు లేక, పొగ మరల గదిలోనికే వచ్చినది. పొయ్యి నిచ్చినవారు గొట్టమును మఱచిరి. గొట్టమును నిలిపినవారు ఆ యింటి కప్పును కొలువలేదు.

1999లో తెలుగుదేశమున దీపము పథకముచేతను, 2016 నుండి దేశమంతట ఉజ్జ్వల పథకముచేతను ఎందఱో స్త్రీలకు గ్యాసుపొయ్యిలు వచ్చినవి. అయినను కట్టెపొయ్యి పూర్తిగా పోలేదు. ఇంటిలోని పొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచమున ముప్పదిరెండు లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కించినది. అందులో అయిదేండ్లలోపు పసివారు రెండులక్షలకు మించియున్నారు. తల్లి చంకలోనో, పొయ్యిప్రక్కన యుయ్యెలలోనో యుండిన బిడ్డలే వీరు.

నేడు బోస్టను పరిసరములలో తెలుగు కుటుంబములును పాత యిండ్లు కొని కాపురము చేయుచున్నవి. అట్టి సోదరీమణులు తమ యింటికి రాగికుండ పెట్టదలచినచో, ముందుగా ప్రతి పొగదారియు దేనికి బనికివచ్చుచున్నదో తెలిసికొనవలెను. పిమ్మట మసి దులిపించి, లోపల పరీక్ష చేయించి, కొలతలు తీయించి, అటుపై సొగసును గూర్చి యాలోచింపవలెను. స్వదేశమున నున్న మనకు రాగికుండతో పనిలేదు. కాని కట్టెలపొయ్యి యున్నయింట దాని పొగ యెక్కడికి బోవుచున్నదని యొకసారి కన్నెత్తి చూచుటతో పనియున్నది. గొట్టముండిన నేడాది కొకమారు దులిపింపుడు. లేనిచో పొయ్యికి ఎదురుగ గాలి వచ్చు దారియు, పైన పొగ పోవు దారియు నేర్పఱుపుడు. నీళ్ల బాయిలరును, బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో నెన్నడు నుంచకుడు. ఇంటి తలకు వన్నె దెచ్చునది రాగియైనను మట్టియైనను ఒక్కటే. ఇంటిలోనివారు సుఖముగా నూపిరి పీల్చుచున్నారా యనునదే గృహిణి చూడవలసినది.